టవర్ లేని విమానాశ్రయంలో ముందు ఎవరు దిగాలి?

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెబుతాను, మిగతా చదువరులకు కూడా అర్థమవుతుంది. మీరు గుంటూరు నుంచి వెళ్లి టెక్సాస్‌లో, టవర్ (అంటే విమానాలకు రేడియోలో అనుమతులిచ్చే కంట్రోలర్లు) లేని ఒక చిన్న విమానాశ్రయంలో పైలట్ శిక్షణ తీసుకుంటున్నారు. వారం కిందట సెస్నా 172 అనే చిన్న విమానంలో ఒంటరిగా సర్క్యూట్లు కొడుతున్నారు, అంటే రన్‌వే చుట్టూ దీర్ఘచతురస్రంగా తిరిగి దిగడం సాధన చేస్తున్నారు. అందులో రన్‌వేకు సమాంతరంగా, దిగే దిక్కుకు వ్యతిరేకంగా పోయే భాగం డౌన్‌విండ్, అక్కడి నుంచి రన్‌వే గీత వైపు అడ్డంగా తిరిగేది బేస్, రన్‌వేకు నేరుగా వచ్చే చివరి భాగం ఫైనల్. డౌన్‌విండ్‌లో రన్‌వే అంచుకు సరిగ్గా పక్కన ఉన్నప్పుడు, రెండు ఇంజన్ల విమానం ఒకటి ఐదు మైళ్ల నుంచి నేరుగా ఫైనల్‌కు వస్తున్నట్టు రేడియోలో చెప్పింది. ఇంకా చాలా సమయం ఉందనుకుని మీరు బేస్‌కు తిరిగారు, ఆ తర్వాత ఫైనల్‌కు తిరిగారు. అంతలో అతను వెనక నుంచి మీ పైకి వచ్చేసి, కుడికి తప్పుకుని గో అరౌండ్ చేసి (అంటే దిగకుండా మళ్లీ పైకి లేచి), రేడియోలో నాలుగు మాటలు అనేసి వెళ్లాడు. ‘సర్క్యూట్‌లో ఉన్నది నువ్వు, తప్పు అతనిదే’ అని మీ ఇన్‌స్ట్రక్టర్ అంటున్నారు. ‘ఫైనల్‌లో ఉన్నది నేను’ అని అతను అంటున్నాడు. ఇంట్లో చెబితే నాన్నగారు టవర్ ఉన్న చోటికి మారిపొమ్మంటున్నారు.

అమెరికాలో ఇలాంటి విమానాశ్రయాల్లోనే చాలాకాలం శిక్షణ ఇచ్చాను. ఇప్పుడు విజయవాడలో గ్రౌండ్ క్లాసులు చెబుతున్నాను. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: నియమం అతనివైపు కాస్త ఎక్కువ మొగ్గుతుంది, మర్యాద మీవైపు. కానీ మీ ఇద్దరి వాదనా ఫైనల్‌కు తిరిగిన క్షణం చుట్టూ నడుస్తోంది. చిక్కు పుట్టింది అక్కడ కాదు, అంతకు ముందు, డౌన్‌విండ్‌లో అతని మాట విన్నప్పుడు.

ముందు నియమం సంగతి చూద్దాం. అమెరికా నిబంధనల్లో 91.113 సెక్షన్ దిగే విమానాల గురించి చెప్పేది ఇదీ. ఫైనల్‌లో ఉన్న విమానానికి, నేలకు దిగుతున్న విమానానికి మిగతావాళ్లు దారి ఇవ్వాలి. రెండు విమానాలు దిగడానికి వస్తుంటే తక్కువ ఎత్తులో ఉన్నదానికి ముందు హక్కు. అయితే ఆ ఎత్తు తేడాను అడ్డం పెట్టుకుని ఫైనల్‌లో ఉన్నవాడి ముందుకు దూరకూడదు, అతన్ని దాటిపోకూడదు. ఈ చివరి మాట దగ్గరే మీ ఇన్‌స్ట్రక్టర్ వాదన బలహీనపడుతుంది. మీరు అతని కంటే కింద ఉన్నమాట నిజమే. కానీ అతను వస్తున్నాడని తెలిసీ ముందుకు తిరిగారు.

అలాగని అతనూ శుద్ధపూస కాదు. ఫైనల్ ఎన్ని మైళ్ల దగ్గర మొదలవుతుందో ఆ సెక్షన్ చెప్పదు. 2023లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ సవరించి విడుదల చేసిన 90-66సి అనే సలహా పత్రం టవర్ లేని చోట్ల ఎలా ఎగరాలో వివరిస్తుంది. నేరుగా వచ్చి దిగడాన్ని అది నిషేధించదు కానీ, అలా వచ్చేవాడు అప్పటికే సర్క్యూట్‌లో తిరుగుతున్నవాళ్ల వరసను చెడగొట్టకూడదంటుంది. సలహా పత్రం చట్టం కాదు నిజమే. అయినా దాన్ని పట్టించుకోని పైలట్‌ను నేను గౌరవించలేను. పెద్ద విమానం నడుపుతున్నాం కాబట్టి చిన్నవాళ్లే తప్పుకోవాలనే ధోరణి కొందరిలో ఉంటుంది. ఆ ధోరణి మీకెప్పుడూ అంటకూడదు.

ఇక అసలు విషయం. మీకు వినిపించింది ‘ఐదు మైళ్లు’. మీరు దాన్ని దూరంగానే విన్నారు. దాన్ని నిమిషాల్లోకి మార్చుకుని వినాలి.

గన్నవరంలో టవర్ లేదని ఒక్కసారి ఊహించండి. నిజానికి ఉంది, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కంట్రోలర్లు నడుపుతారు. లెక్క కోసం లేదనుకుందాం. గాలి తూర్పు నుంచి వీస్తోంది కాబట్టి 08 రన్‌వే వాడుతున్నారు, అంటే ముక్కు తూర్పుకు పెట్టి దిగాలి. మలుపులన్నీ ఎడమవైపే కాబట్టి మీరు రన్‌వేకు ఉత్తరాన, పడమర దిక్కుగా డౌన్‌విండ్‌లో పోతున్నారు. ప్రకాశం బ్యారేజీ అక్కడికి దాదాపు పడమరన, సుమారు 11 నాటికల్ మైళ్ల దూరంలో ఉంటుంది. ‘బ్యారేజీ మీద ఉన్నాను, నేరుగా దిగుతాను’ అని ఒకతను అన్నాడు. అతను చిన్న సెస్నాలో 90 నాట్లతో, అంటే గంటకు 90 నాటికల్ మైళ్ల వేగంతో, వస్తుంటే మీకు ఏడు నిమిషాలకు పైగా సమయం ఉంది. హాయిగా దిగి, రన్‌వే ఖాళీ చేసి, ట్యాక్సీవే మీదికి వెళ్లిపోవచ్చు. అదే 180 నాట్లతో వస్తుంటే మూడు నిమిషాల నలభై సెకన్లు. చోటు ఒకటే, మాట ఒకటే, పరిస్థితి మాత్రం పూర్తిగా వేరు.

రన్‌వే అంచుకు పక్కన ఉన్నప్పటి నుంచి చక్రాలు నేలకు తగిలే వరకూ సెస్నా 172కు సుమారు రెండు, రెండుంపావు నిమిషాలు పడుతుంది. 140 నాట్ల విమానం వేగం తగ్గించుకోకపోతే అదే వ్యవధిలో అయిదు మైళ్లు వస్తుంది. అంటే మీరు డౌన్‌విండ్‌లో ఆ మాట విన్నప్పుడే, ఇద్దరూ ఒకే సమయానికి ఒకే చోటికి చేరే లెక్క ఖాయమైపోయింది. మీకు చాలా దూరంలో ఉన్నట్టు అనిపించినవాడు లెక్క ప్రకారం మీతో భుజం కలిపి వస్తున్నాడు.

ఈ లెక్క తప్పితే ఏమవుతుందో 2022 ఆగస్టు 18న కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్‌లో తేలింది. అక్కడా టవర్ లేదు. సెస్నా 152 సర్క్యూట్‌లో ఉంది. రెండు ఇంజన్ల సెస్నా 340 పది మైళ్ల నుంచి నేరుగా వస్తున్నట్టు చెప్పింది, తర్వాత మూడు మైళ్ల దగ్గర మళ్లీ చెప్పింది. ఇద్దరి రేడియోలూ పనిచేస్తున్నాయి. ఒకరి మాట ఒకరికి వినిపిస్తోంది. వెలుతురు బాగానే ఉంది. పెద్ద విమానం మాత్రం చివరిదాకా దాదాపు 180 నాట్ల వేగంతోనే వచ్చింది. ఆ దశలో ఆ రకం విమానం ఉండాల్సిన వేగం అది కానే కాదు. వెనకవాడు మరీ వేగంగా మీదికి వచ్చేస్తున్నాడని చిన్న విమానం పైలట్‌కు అర్థమై గో అరౌండ్ చేస్తున్నట్టు చెప్పాడు. రన్‌వేకు మైలు లోపే రెండూ ఢీకొన్నాయి. రెండింటిలో ఉన్న ముగ్గురూ పోయారు. పెద్ద విమానం పైలట్ ఎదుటి విమానాన్ని చూసి తప్పుకోలేకపోవడమే కారణమని అమెరికా దర్యాప్తు సంస్థ తేల్చింది. చిన్న విమానం పైలట్ తప్పేమీ లేదనే నేనూ అంటాను. అలా అన్నంత మాత్రాన అతను తిరిగి రాడు కదా. అందుకే, హక్కు ఎవరిదన్న చర్చను నేను నా క్లాసులో తక్కువ సమయంలో ముగిస్తాను.

మీరు ఏం చేసి ఉండాల్సింది? డౌన్‌విండ్‌ను పొడిగించడం. ఇంత సులువైన పని ఇంకోటి లేదు. బేస్‌కు తిరగకుండా అదే దిక్కున ముందుకు పోతూ ఉండండి. ‘ఫైనల్‌లో ఉన్న విమానం కోసం డౌన్‌విండ్ పొడిగిస్తున్నాను, మీ వెనక రెండోవాణ్ణి’ అని రేడియోలో చెప్పండి. అతను మీ ఎడమవైపు నుంచి ఎదురుగా వచ్చి, మీ రెక్కను దాటి వెనక్కు వెళ్లేదాకా చూడండి. కంటితో చూసి, దాటాడని నిర్ధారించుకున్నాకే బేస్‌కు తిరగండి. అతనిది బరువైన విమానమైతే రెక్కల చివర్ల నుంచి వచ్చే సుడిగాలి చల్లారడానికి ఇంకాస్త వదలండి. దీనికి అయ్యే ఖర్చు ఒకటి రెండు నిమిషాల ఇంధనం. గంటల లెక్కన డబ్బు కట్టే మన పిల్లలు దీనికి కూడా వెనకాడతారని నాకు తెలుసు. బ్యాంకు అప్పు మీటరు తిరుగుతున్నట్టు చెవిలో వినిపిస్తూనే ఉంటుంది. అయినా సరే.

పొడిగించలేదు, బేస్‌లోకి వచ్చేశారు, అతను కనిపించడం లేదు. అప్పుడు? ఫైనల్ గీత మీదికి మాత్రం వెళ్లకండి, దాన్ని అడ్డంగా దాటకండి. ముందే ఎడమకు తిరిగి, రన్‌వేకు సమాంతరంగా ఇవతలివైపే ఉంటూ, ఎత్తు పెంచుకుంటూ, రేడియోలో చెప్పి, డౌన్‌విండ్‌లో ఎవరున్నారో చూసుకుని మళ్లీ వరసలో చేరండి. దీన్ని ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉండగా పలుమార్లు చేసి చూడాలి, సోలోలో మొదటిసారి ప్రయత్నించే పని కాదు. తక్కువ ఎత్తులో గుండ్రంగా 360 డిగ్రీలు తిరిగి సమయం గడపాలని చూడకండి, వెనక వచ్చేవాడు మీరలా తిరుగుతారని ఊహించడు. కంగారులో తక్కువ వేగంతో మలుపును బిగించి స్టాల్ (రెక్కలు విమానాన్ని మోయలేక అది పడిపోయే స్థితి) తెచ్చుకోకండి. ఎదుటి విమానం కంటే ఈ కంగారే ఎక్కువమందిని చంపింది.

ఇప్పుడు కళ్ల సంగతి. మీ సెస్నాకు రెక్క పైన ఉంటుంది. ఎడమ బేస్‌లో ఉన్నప్పుడు నేరుగా వచ్చేవాడు మీకు కుడివైపు ఉంటాడు. మీరు కూర్చున్నది ఎడమ సీటులో. కుడి సీటు ఖాళీ, దాని అవతల కిటికీ. ఫైనల్‌కు తిరగడానికి విమానాన్ని ఎడమకు వాల్చగానే కుడి రెక్క పైకి లేచి, ఆ కిటికీలో ఆకాశం తప్ప ఏమీ కనిపించదు. మీ ఎత్తులో వస్తున్నవాడు తలుపు అంచుకు దిగువన దాక్కుంటాడు. కాబట్టి వాల్చకముందే, రెక్కలు సమంగా ఉండగానే, మెడ సాచి కుడివైపు ఫైనల్ గీత పొడవునా చూడాలి. ‘కుడివైపు ఖాళీ’ అని పైకి అని మరీ తిరగండి. నా దగ్గర నేర్చుకున్నవాళ్లు ఆ మాట అనకుండా తిరిగితే నేను కంట్రోల్స్ తీసేసుకునేవాణ్ణి. అవతలిది రెక్కలు కింద ఉండే పైపర్ రకం అయితే ఇంకా ఇబ్బంది. దాని పైలట్‌కు కింద ఉన్నది కనిపించదు, మీకు పైన ఉన్నది కనిపించదు. ఫైనల్‌లో పైన పైపర్, కింద సెస్నా ఒకదాని మీద ఒకటి దిగుతూ రావడం కొత్త సంగతి కాదు.

ఇంకో చిక్కు. మిమ్మల్ని ఢీకొనబోయే విమానం అద్దంలో కదలదు. పక్కకు జరుగుతున్న చుక్కతో ప్రమాదం లేదు. ఒకే చోట నిలబడి మెల్లగా పెద్దదవుతున్న చుక్కే ప్రమాదం. మనిషి కన్ను మాత్రం కదిలేదాన్నే ముందు పట్టుకుంటుంది. అందుకే చూపును ఊరికే అటూ ఇటూ తిప్పితే లాభం లేదు. పది డిగ్రీల చొప్పున ఒక్కో ముక్క మీద కనీసం సెకను నిలపాలి. విమానం కనిపించాక అది విమానమని గుర్తించి, మీదికే వస్తోందని గ్రహించి, ఏం చేయాలో తేల్చుకుని, చెయ్యి కదిలి, విమానం స్పందించడానికి మొత్తం 12.5 సెకన్లు పడుతుందని ఎఫ్ఏఏ లెక్క. 180 నాట్లవాడు ఆ లోపు అర మైలుకు పైగా వచ్చేస్తాడు.

రేడియో గురించి మన పిల్లల్లో ఒక అపోహ ఉంది. టవర్ లేని చోట ఫ్రీక్వెన్సీలో మాట్లాడితే అనుమతి తీసుకున్నట్టే అనుకుంటారు. అక్కడ అనుమతి ఇచ్చేవాడు ఎవడూ లేడు. మీరు చెబుతున్నది కబురు మాత్రమే. అది చేరిందో లేదో తెలియదు. రేడియోనే లేని పాత విమానాలు కూడా చాలాచోట్ల చట్టబద్ధంగా ఎగురుతాయి. కరెంటు వ్యవస్థే లేని పైపర్ కబ్‌కు మీ మాట ఎలా వినిపిస్తుంది?

వినిపించినా ఎలా మోసపోతామో 1996 నవంబర్ 19న ఇల్లినాయ్ రాష్ట్రం క్విన్సీలో జరిగింది చూడండి. సాయంత్రం చీకటి పడుతోంది. బీచ్ 1900 అనే చిన్న ప్రయాణికుల విమానం 13 రన్‌వేకు దిగుతోంది. దాన్ని అడ్డంగా కోసే 04 రన్‌వే మీద కింగ్ ఎయిర్ ఒకటి టేకాఫ్‌కు నిలబడి ఉంది. దాని వెనక చెరోకీ అనే చిన్న విమానం. దిగుతున్న విమానం సిబ్బంది జాగ్రత్తపరులే. ‘రన్‌వే మీద ఉన్నవాళ్లు టేకాఫ్ తీసుకుంటారా, ఆగుతారా?’ అని రేడియోలో అడిగారు. జవాబు వచ్చింది, ఆగి ఉన్నామని. కానీ ఆ జవాబు ఇచ్చింది వెనకున్న చెరోకీ పైలట్. అతను తన విమానం నంబరు చెప్పాడు గానీ, అదే సమయంలో కాక్‌పిట్‌లో ఎత్తు చెప్పే హెచ్చరిక గొంతు మోగి మాటలు కలిసిపోయాయి. ముందున్న కింగ్ ఎయిరే ఆగిందని వీళ్లు అనుకున్నారు. కింగ్ ఎయిర్ మాత్రం ఒక్క మాట కూడా చెప్పకుండా పరుగు మొదలుపెట్టింది. రెండు రన్‌వేలు కలిసే చోట ఢీకొని, రెండింటిలోని 14 మందీ చనిపోయారు. ఈ ప్రమాదాన్ని నేను ప్రతి బ్యాచ్‌కూ చెబుతాను. అడిగిన ప్రశ్న సరైనదే, వచ్చిన జవాబూ అబద్ధం కాదు. జవాబు ఏ విమానం నుంచి వచ్చిందన్న దగ్గరే పొరపాటు జరిగింది. ఎవరో ‘సరే’ అన్నారని సంతృప్తి పడకండి. ఆ ‘సరే’ అన్నవాడు మీకు అడ్డున్నవాడేనా?

మాట్లాడే తీరు గురించి కూడా కొంత. 122.8 వంటి ఒకే ఫ్రీక్వెన్సీని చుట్టుపక్కల ఎన్నో విమానాశ్రయాలు పంచుకుంటాయి. అందుకే ఊరి పేరు మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి చెప్పాలి. మనవాళ్లు మొదటి పేరును ఊపిరి అందనట్టు మింగేస్తారు. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు కూడా తెలుగు వేగంతో చదివేస్తారు. నెమ్మదిగా చెప్పండి. మీ నంబరుతోపాటు విమానం రకం చెప్పండి, ఎందుకంటే వినేవాడు దాన్నిబట్టే మీ వేగం అంచనా వేస్తాడు. దూరం, దిక్కు, ఎత్తు చెప్పండి. స్థానికులకు మాత్రమే తెలిసిన గుర్తులు చెప్పకండి. ఇందాకటి ఊహలో ‘బ్యారేజీ మీద ఉన్నాను’ అంటే మనకు వెంటనే అర్థమైంది, ఒడిశా నుంచి మొదటిసారి వచ్చినవాడికి ఏమర్థమవుతుంది? ఇన్‌స్ట్రుమెంట్ అప్రోచ్ (పరికరాల ఆధారంగా రన్‌వేకు రావడం) సాధన చేసేవాళ్లు ఫలానా పాయింటు దాటామని చెప్పేదీ ఇదే బాపతు. సోలో విద్యార్థికి ఆ పాయింటు ఎక్కడుందో తెలియదు. తెలియకపోతే మొహమాటం లేకుండా ‘ఎన్ని మైళ్లు, ఏ దిక్కు?’ అని అడగండి. ‘ఈ చుట్టుపక్కల ఎవరున్నారో చెప్పండి’ అని గాలిలోకి కేకేయడం మాత్రం వద్దు. ఎఫ్ఏఏ కూడా దాన్ని వద్దంటుంది. పదిమంది ఒకేసారి జవాబిస్తే ఎవరి మాటా వినిపించదు.

ఏడీఎస్-బీ (విమానం తానెక్కడుందో తానే ప్రసారం చేసే పరికరం) వల్ల తెర మీద అందరూ కనిపిస్తారు కదా అంటారేమో. ఆ పరికరం 2020 జనవరి 1 నుంచి తప్పనిసరి అయింది గానీ, అన్ని చోట్లా కాదు. టవర్ లేని చాలా విమానాశ్రయాల చుట్టూ అది లేకుండానే ఎగరవచ్చు. తెర చూడండి, కానీ తెరలో లేనివాడు ఆకాశంలో లేడనుకోకండి.

నా దగ్గరికి వచ్చే పిల్లలతో నేను చేయించేది మీరూ మీ హాస్టల్ ఆవరణలో చేయవచ్చు. డాబా మీద సుద్దతో రన్‌వే గీస్తాం. నీళ్ల ట్యాంకు పక్కన డౌన్‌విండ్, బట్టలారేసే తీగ కింద బేస్. ఒకరు మామూలు నడకతో సర్క్యూట్ తిరుగుతారు, ప్రతి మలుపులో రేడియో మాట పైకి చెప్పాలి. ఇంకొకరు మెట్ల గది దగ్గర నుంచి నేరుగా వస్తారు, ఒకసారి అదే నడకతో, ఒకసారి రెట్టింపు వేగంతో. నేను వాచీ పట్టుకుంటాను. రెండోసారి తీగ దాటేసరికి ఇద్దరూ ఒకరినొకరు తగులుకుంటారు. నవ్వుకుంటారు, ఆ వెంటనే ఆలోచనలో పడతారు. డౌన్‌విండ్ పొడిగించడం ఎక్కడ మొదలుపెట్టాలో ఆ తర్వాత ఎవరికీ చెప్పనక్కర్లేదు.

మీ మీద ఫిర్యాదు వెళ్తుందేమో అన్న భయానికి ఒక ఉపాయం ఉంది. నాసా 1976 నుంచి నడుపుతున్న విమాన భద్రతా నివేదికల వ్యవస్థ ఉంది. జరిగినదాన్ని పది రోజుల్లోపు అక్కడ రాసి పంపండి. ఖర్చు లేదు. కావాలని చేసినది, నేరం, ప్రమాదం కాకుండా ఉండి, గత అయిదేళ్లలో మీ మీద ఉల్లంఘన తేలకుండా ఉంటే, ఎఫ్ఏఏ తర్వాత తప్పు పట్టినా శిక్ష అమలు చేయదు. మీకు వారం అయిపోయింది కాబట్టి ఈ రోజే పంపండి. శిక్ష తప్పడం అటుంచి, ఇలాంటివే మళ్లీ మళ్లీ ఎక్కడ జరుగుతున్నాయో తెలిసేది ఈ నివేదికల వల్లే.

చివరగా నాన్నగారి మాట. 2025 జూలైలో కెనడాలోని మానిటోబాలో ఇద్దరు విద్యార్థి పైలట్లు ఢీకొని చనిపోయిన వార్త ఆయన చూసే ఉంటారు, వారిలో ఒకరు కేరళ యువకుడు. ఆ భయాన్ని కొట్టిపారేయకండి. అయితే అమెరికాలో ప్రజలు వాడే విమానాశ్రయాలు సుమారు 5,000 ఉంటే, టవర్ ఉన్నవి 500 పైచిలుకు. టవర్ లేని చోట దిగడం రాకుండా పైలట్ కావడం అక్కడ కుదరదు. టవర్ ఉంటే ఢీకొనరనీ లేదు. వాట్సన్‌విల్ ప్రమాదానికి నెల ముందు, 2022 జూలై 17న, టవర్ ఉన్న నార్త్ లాస్‌వేగస్‌లోనే రెండు చిన్న విమానాలు ఢీకొని నలుగురు చనిపోయారు. బెంజి సర్కిల్‌లో సిగ్నల్ ఆగిపోయిన రోజు బండి నడపడం లాంటిదే ఇది అని ఆయనకు చెప్పవచ్చు. కాకపోతే అక్కడ బ్రేకు వేసి ఆగిపోవచ్చు, ఇక్కడ ఆ సౌకర్యం లేదని కూడా నిజాయితీగా చెప్పండి.

స్కూలు మారడం కంటే ముందు ఉన్న స్కూలును నాలుగు ప్రశ్నలు అడగండి. ఒకేసారి సర్క్యూట్‌లో ఎన్ని విమానాలను అనుమతిస్తారు? గాలి దాదాపు లేనప్పుడు ఏ రన్‌వే వాడాలో అందరికీ ఒకే మాట ఉందా, లేక ఎవరి ఇష్టం వారిదా? శిక్షణ విమానాల్లో ఇతర విమానాలను చూపే తెర ఉందా? నేరుగా వచ్చే విమానం ఉన్నప్పుడు సోలో విద్యార్థి ఏం చేయాలో రాతపూర్వకంగా ఉందా? చివరి ప్రశ్నకు ‘నువ్వు సర్క్యూట్‌లో ఉన్నావు కాబట్టి హక్కు నీదే’ అన్నదే జవాబైతే, నాన్నగారి మాట వినండి.